పోస్టు పొడవు పెరుగుతోంది, పాఠకుడు ఆగడం లేదు

ప్రశ్న: సైకిల్ మరమ్మతుల మీద తెలుగులో బ్లాగు రాస్తున్నాను. ఏడాదిలో నలభై పోస్టులయ్యాయి. ఏదీ 1500 పదాలకు తగ్గకుండా చూసుకుంటున్నాను. కీవర్డు, అంటే జనం సెర్చ్‌లో కొట్టే మాట, పేరాకొకసారైనా వచ్చేలా రాస్తున్నాను, పోస్టు సెర్చ్‌కి సరిపోతుందో లేదో చెప్పే ప్లగిన్‌లో పచ్చ చుక్క కూడా వస్తోంది. అయినా వచ్చినవాళ్లు అర నిమిషం ఉండటం లేదు. పోస్టు ఎంత పొడవుండాలి? కీవర్డు ఎన్నిసార్లు రావాలి? డ్రాఫ్టు ఏఐతో రాయించుకుంటే తప్పా? చైన్‌కి నూనె వేయడం మీద రాసిన పోస్టు పంపుతున్నాను, చూసి చెప్పండి.

సమాధానం: మీ పోస్టు మొదటి నుంచి చివరిదాకా చదివాం. చైన్ సంగతి మీకు బాగా తెలుసు, అది కనిపిస్తూనే ఉంది. చిక్కల్లా ఆ తెలిసింది ఏడో పేరాలో గానీ మొదలవకపోవడమే. ముందున్న ఆరు పేరాల్లో సైకిల్ ఎలా పుట్టింది, తొక్కితే ఒంటికి ఎంత మంచిది, చైన్ ఎంత ముఖ్యమైన భాగం అన్నవి ఉన్నాయి. చైన్ కిర్రుమంటుంటే ఏం చేయాలా అని వెతుక్కుంటూ వచ్చిన మనిషికి వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. ఒక చేత్తో సైకిల్ పట్టుకుని రెండో చేతి బొటనవేలితో ఫోను తోస్తూ ఉంటాడు. రెండు స్క్రీన్లు తోసినా నూనె మాట రాకపోతే వెనక్కి నొక్కి ఇంకో పేజీకి పోతాడు. మీ లెక్కల్లో కనిపిస్తున్న అర నిమిషం అదే.

పొడవు సంగతి ముందు తేల్చేద్దాం. ఇన్ని పదాలుండాలన్న నియమం ఎక్కడా లేదు. తాము ప్రత్యేకంగా ఇష్టపడే పదాల సంఖ్య ఏదీ లేదని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసింది. చైన్‌కి నూనె వేయడం ఐదారువందల పదాల్లో ముగిసే పని. దాన్ని 1500కి సాగదీయబట్టే ఆ ఆరు పేరాలు పుట్టాయి. గేర్లు సర్దడం మీద రాస్తే అదే 1500 చాలకపోవచ్చు. అక్కడ కేబుల్ బిగింపు, రెండు చివర్లా ఆపే స్క్రూలు, వంగిన హ్యాంగర్ (వెనక గేరు భాగాన్ని ఫ్రేముకు తగిలించే ముక్క) అంటూ ఒకదాన్నొకటి పట్టుకుని నడిచే విషయాలుంటాయి మరి.

ఏది పోస్టులో ఉండాలి, ఏది ఇంకో పోస్టుకి పోవాలి అన్నది తేల్చుకోవడానికి ఒక పద్ధతుంది. ఈ పేజీ తెరిచిన మనిషికి, ఈ పని మధ్యలో, ఈ సంగతి అవసరపడుతుందా? పడితే ఉంచండి. నూనె ఎక్కువైతే ఏం చేయాలన్నది అదే పేజీలో ఉండాలి, ఎందుకంటే ఆ తప్పు అప్పటికప్పుడే జరుగుతుంది. చైన్ ఎప్పుడు మార్చాలన్నది వేరే రోజు, వేరే మనిషి అడిగే ప్రశ్న. దానికి వేరే పేజీ రాసి, ఇక్కడినుంచి ఒక్క లింకు ఇస్తే సరిపోతుంది.

రాయడానికి కూర్చునే ముందు

మంచి పోస్టుకీ మామూలు పోస్టుకీ తేడా చాలావరకు రాయడం మొదలుకాకముందే తేలిపోతుంది. చేతిలో సరుకుంటే సాదాసీదా వాక్యాల్లో రాసినా పాఠకుడు ఆగుతాడు. సరుకు లేనప్పుడు శైలి ఎంత నున్నగా ఉన్నా అది ఖాళీ పేరాలను నింపడానికే ఖర్చవుతుంది. అందుకే మీ సమయంలో కనీసం సగం సరుకు సేకరించడానికి పెట్టండి.

ముందు ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాయండి. పాఠకుడు అడుగుతున్న ప్రశ్న, అతని మాటల్లోనే. అతని దగ్గర ఇప్పుడేముంది: ఏ పనిముట్లు, ఎంత అనుభవం. పేజీ మూసేసరికి అతను ఏం చేయగలిగి ఉండాలి. చైన్ పోస్టుకైతే ఇలా ఉంటాయి: "చైన్ చప్పుడు చేస్తోంది, నూనె ఎలా వేయాలి?" "దగ్గర గుడ్డ, ఒక సీసా చైన్ ఆయిల్ ఉన్నాయి, ఇంతకు ముందెప్పుడూ వేయలేదు." "పావుగంటలో చైన్ చప్పుడు లేకుండా తిరగాలి, వారం తిరిగేసరికి నల్లగా మారకూడదు." ఈ మూడు వాక్యాలు కంటిముందుంటే సైకిల్ పుట్టుపూర్వోత్తరాలు పోస్టులోకి రావు.

తర్వాత ఆ పనిని మీరే ఇంకోసారి చేయండి, పక్కన నోటుబుక్కు పెట్టుకుని. వందసార్లు చేసిన పనైనా సరే. అలవాటైన చేతులు చేసేవాటిలో సగం తలలోకి రావు. అలా దాటిపోయిన చోటే కొత్తవాడు ఆగిపోతాడు. ఏ వైపు నిలబడ్డారు, పెడల్ ఎటు తిప్పారు, ఎన్ని చుక్కలు, ఎంతసేపు ఆగారు, ఏ గుడ్డ వాడారు, చేయి ఎక్కడ జారింది అన్నవి వచ్చిన వరుసలోనే రాసుకోండి. చివర్లో మరో రెండు ప్రశ్నలకు జవాబు రాయండి: ఇందులో ఏది తప్పు జరగొచ్చు, జరిగితే కంటికి ఏం కనిపిస్తుంది, చెవికి ఏం వినిపిస్తుంది?

ఇప్పుడు మీ పాత డ్రాఫ్టు తీసి కొన్ని మాటల కోసం వెతకండి: తగినంత, తరచూ, జాగ్రత్తగా, సరైన, నాణ్యమైన, కొద్దిగా. మీ పోస్టులో ఇవి చాలాచోట్ల ఉన్నాయి. ప్రతి ఒక్కటీ అక్కడ సమాచారం ఉండాల్సి ఉండి, లేకపోయిన చోటు. "తగినంత నూనె వేయండి" అన్నారు. ఎంత? ఒక్కో రోలర్ (చైన్ లింకుల మధ్య తిరిగే చిన్న గొట్టం) మీద ఒక్కో చుక్క. "తరచూ వేయండి" అన్నారు. ఎప్పుడు? చైన్ పొడిగా కనిపించినా, చప్పుడు మొదలైనా, వానలో తడిసినా. "జాగ్రత్తగా వేయండి" అన్నారు. దేనికి జాగ్రత్త? నూనె బ్రేక్ డిస్క్ మీదగానీ, బ్రేక్ ప్యాడ్ల మీదగానీ, రిమ్ము మీదగానీ పడితే బ్రేక్ పట్టు తగ్గిపోతుంది కాబట్టి. "నాణ్యమైన నూనె" అంటే? సైకిల్ చైన్ కోసమే చేసినది. వంటనూనె గాలికి జిగురుగా మారుతుంది. తుప్పు వదలగొట్టే పలచని స్ప్రేలు మురికిని కడగడానికి పనికొస్తాయి గానీ చైన్‌లో ఎక్కువ కాలం నిలవవు.

అలాంటి ప్రతి మాట చోటా ఒక సంఖ్యో, ఒక షరతో, ఒక కారణమో రావాలి. ఏదీ రాకపోతే ఆ వాక్యం కొట్టేయండి. ఈ ఒక్క పని చేస్తేనే మీ పోస్టు సగానికి తగ్గి, రెట్టింపు పనికొస్తుంది.

షరతుల సంగతి మరికాస్త. మీరు "పెడల్‌ని వెనక్కి తిప్పండి" అని రాశారు. వెనక్కి తొక్కితే బ్రేక్ పడే సైకిళ్లున్నాయి. వాటి మీద ఆ పని కుదరదు. ఆ సైకిల్ ఉన్నవాడు మీ రెండో మెట్టులోనే ఆగిపోయి, తనే ఏదో తప్పు చేస్తున్నాననుకుంటాడు. "వెనక్కి తొక్కితే బ్రేక్ పడే సైకిలైతే వెనక చక్రం పైకెత్తి పెడల్‌ని ముందుకు తిప్పండి" అన్న ఒక్క వాక్యం అతణ్ని కాపాడుతుంది. మీరు రాసే ప్రతి మెట్టు దగ్గరా "ఇది ఎవరికి పనిచేయదు?" అని అడిగి చూసుకోండి.

మొదటి పేరా

తెరమీద చదివే తీరు కాగితం మీద చదివే తీరులా ఉండదు. వెబ్ పేజీల వాడకాన్ని పరిశోధించే జేకబ్ నీల్సన్ 1997లో ప్రచురించిన పరిశీలనలో 79 శాతం మంది కొత్త పేజీని పైపైన తడుముకుంటూ పోయారు. పదం పదం చదివినవారు 16 శాతమే. 2006లో ఆయన సంస్థ 232 మంది కంటిచూపు ఎటు పోతోందో నమోదు చేసింది. పై వరుసలు కాస్త పూర్తిగా, కిందికి పోయేకొద్దీ వరుసల మొదళ్లు మాత్రమే చూస్తున్నారని తేలింది. ఇంగ్లిష్ ఎఫ్ అక్షరం ఆకారంలో అన్నమాట. అంటే పేజీ పైభాగంలోనూ, ప్రతి పేరా మొదట్లోనూ మీరు పెట్టిన మాటలనే పాఠకుడు చదివే అవకాశం ఎక్కువ. మీరు ఆ చోట్లన్నీ ఉపోద్ఘాతానికి ఇచ్చేశారు.

మీ పోస్టు ఇలా మొదలవుతోంది: "మానవ జీవితంలో సైకిల్‌కు ఒక ప్రత్యేక స్థానం ఉంది. నేటి ఆధునిక యుగంలో ఎన్నో వాహనాలు వచ్చినప్పటికీ సైకిల్ ప్రాధాన్యత ఏమాత్రం తగ్గలేదు. అటువంటి సైకిల్‌లో అతి ముఖ్యమైన భాగం చైన్. ఈ పోస్టులో మనం చైన్‌కి నూనె ఎలా వేయాలో వివరంగా తెలుసుకుందాం."

దీని స్థానంలో ఇలా పెట్టి చూడండి: "చైన్‌ని పొడి గుడ్డతో పట్టుకుని, పెడల్‌ని వెనక్కి తిప్పుతూ మురికి తుడవండి. చైన్ కింది వరుసలో, లోపలివైపు, ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క చైన్ ఆయిల్ వేయండి. పెడల్‌ని ఇరవై ముప్పై చుట్లు తిప్పి, ఐదు నిమిషాలాగి, పైన కనిపించే నూనెనంతా వేరే గుడ్డతో తుడిచేయండి. ఆ చివరి తుడుపే చాలామంది వదిలేస్తారు. పైన మిగిలిన నూనెకు దుమ్ము పట్టి నల్లటి ముద్దగా మారి చైన్‌నీ పళ్లచక్రాలనూ అరగదీస్తుంది."

తొందరలో ఉన్నవాడికి పని ఇక్కడే అయిపోయింది. అతను ఇరవై సెకన్లలో వెళ్లిపోయినా మీ పోస్టు గెలిచినట్టే. ఎందుకు, ఎలా అని తెలుసుకోవాలనుకున్నవాడు మాత్రం కిందికి వస్తాడు, ఎందుకంటే రాసినవాడికి పని తెలుసని ఆ ఐదు వాక్యాల్లో నమ్మకం కుదిరింది. జవాబు ముందే చెప్పేస్తే మిగతాది ఎవరు చదువుతారన్న భయం చాలామందికి ఉంటుంది. జవాబు దాచిపెడితే వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

తెలుగులో రాసేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మన వాక్యంలో క్రియ చివరకు వస్తుంది. "చైన్‌ని శుభ్రం చేసి, ఆరబెట్టి, లోపలివైపు నుంచి చుక్కచుక్కగా నూనె వేసి, కొంతసేపు తిప్పి, ఆ తర్వాత తుడవాలి" అని ఒకే గుక్కలో రాస్తే, పైపైన చూసేవాడికి వాక్యం మొదలు కనిపిస్తుంది గానీ చేయాల్సిన పనుల్లో మూడు తప్పిపోతాయి. పనికొక వాక్యం రాయండి. పన్నెండు పదిహేను పదాలు దాటిన వాక్యాన్ని ఎక్కడ విరవొచ్చో చూడండి. "చేయబడుతుంది", "వేయబడాలి" లాంటివి తీసేసి "చేయండి", "వేయండి" అనండి. మనం మాట్లాడేటప్పుడు ఎవరం "నూనె వేయబడాలి" అనం.

వరుస, ఉపశీర్షికలు, బొమ్మలు

ఉపశీర్షికలకు ఒక పరీక్షుంది. పోస్టులోని మిగతా అంతా చేత్తో మూసి ఉపశీర్షికలు మాత్రం వరుసగా చదవండి. పోస్టులో ఏముందో వాటితోనే అర్థం కావాలి. మీ పోస్టులో "పరిచయం", "ముఖ్యమైన అంశాలు", "జాగ్రత్తలు", "ముగింపు" అని ఉన్నాయి. ఇవి ఏ పోస్టుకైనా అతుకుతాయి, అంటే దేనికీ పనికిరావు. "నూనె ఎక్కువైతే ఏం చేయాలి", "వానలో తడిసిన చైన్‌కి ముందు తుడుపు, తర్వాతే నూనె", "నూనె వేసినా చప్పుడు పోకపోతే" అని ఉంటే, ఫోన్ తోస్తున్న వేలు తన ప్రశ్న దగ్గరే ఆగుతుంది.

ఉపశీర్షికను బోల్డ్ చేసి వదిలేయకుండా ఎడిటర్‌లోని హెడ్డింగ్ స్టైల్‌నే వాడండి. చూపులేనివారు వాడే స్క్రీన్ రీడర్లు ఆ గుర్తుల్ని పట్టుకునే ఒక భాగం నుంచి ఇంకో భాగానికి దూకుతాయి. బోల్డ్ అక్షరాలు వాటికి మామూలు పేరాయే. పేజీ శీర్షిక హెచ్1 అయితే లోపలివి హెచ్2, వాటి లోపలివి హెచ్3. అక్షరాల సైజు నచ్చిందని మధ్యలో ఒక మెట్టు దూకకండి.

ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిన పనులకు అంకెలేసిన జాబితా ఇవ్వండి. వరుస అక్కర్లేని వస్తువులకు చుక్కల జాబితా చాలు. కారణాలు మాత్రం పేరాల్లోనే బాగుంటాయి, ఎందుకంటే "కాబట్టి", "కానీ", "లేకపోతే" అన్న మాటలు జాబితాలో రాలిపోతాయి. మీ పోస్టులో కారణాలన్నీ చుక్కల కింద పెట్టారు, అందుకే ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపిస్తున్నాయి. ఇక హెచ్చరిక ఎప్పుడూ ఆ మెట్టుకు ముందే రావాలి. డిస్క్ మీద నూనె పడకుండా చూసుకోమని మీరు చివర్లో "జాగ్రత్తలు" కింద రాశారు. అక్కడికి వచ్చేసరికి నూనె పడిపోయి ఉంటుంది.

ఫొటో అందం కోసం కాకుండా, మాటలతో చెప్పడం కష్టమైన చోట పెట్టండి. మీరు పైన పెట్టిన సూర్యోదయం ముందు సైకిల్ బొమ్మ ఎవరికీ ఏమీ నేర్పదు. రోలర్ అంటే ఏదో, చుక్క ఎక్కడ పడాలో చూపించే దగ్గరి ఫొటో ఒక్కటుంటే రెండు పేరాల శ్రమ తగ్గుతుంది. తీసేటప్పుడు వెలుతురు పక్కనుంచి పడేలా చూసుకోండి, వెనక గోడ ఖాళీగా ఉండాలి, వేలితో ఆ భాగాన్ని చూపిస్తూ తీయండి.

ఫోను ఇచ్చే ఫొటో నాలుగువేల పిక్సెళ్ల వెడల్పుతో నాలుగైదు ఎంబీలుంటుంది. బ్లాగులోని పేరా వెడల్పుకి 1200 పిక్సెళ్లు చాలు. అంతకు తగ్గించి వెబ్‌పీ రూపంలోకి మార్చితే సాధారణంగా 200 కేబీ లోపు వస్తుంది. పేజీలో అన్నిటికంటే పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. నెమ్మదైన నెట్ మీద మీ పేజీ దాన్ని అందుకోలేకపోవడానికి ఆ ఎంబీల ఫొటోలే కారణం కావచ్చు. ఫొటోకి వెడల్పు, ఎత్తు ముందే ఇవ్వండి. ఇవ్వకపోతే ఫొటో వచ్చి పడ్డప్పుడు అక్షరాలు కిందికి జారి, చదువుతున్న చోటు తప్పిపోతుంది. ఫొటో చూడలేనివారికి దాని బదులు వినిపించే ఆల్ట్ టెక్స్ట్‌లో కీవర్డులు కుక్కకుండా ఫొటోలో ఉన్నది చెప్పండి: "చైన్ కింది వరుసలో రోలర్ మీద పడుతున్న నూనె చుక్క."

వేరేవాళ్ల ఫొటో కింద "సౌజన్యం: గూగుల్" అని రాస్తే అనుమతి వచ్చినట్టు కాదు. గూగుల్ ఆ ఫొటోని చూపించింది, తీసింది ఇంకెవరో. వికీమీడియా కామన్స్‌లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో దొరికేవి వాడుకోవచ్చు. వాటికైనా తీసినవారి పేరు, మూలం లింకు, లైసెన్సు పేరు ఇవ్వాలి, మీరేమైనా మార్చి ఉంటే అదీ చెప్పాలి. వేరే సైట్లలో దొరికే ఫొటోల లైసెన్సులో ఎన్‌డీ అని ఉంటే మార్చిన రూపం ప్రచురించకూడదు. ఎన్‌సీ అని ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ప్రకటనలున్న బ్లాగైతే దాని జోలికి పోకపోవడమే మంచిది.

అక్షరాల గురించి ఒక మాట. తెలుగు ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీ ఇంగ్లిష్‌కన్నా ఎక్కువుండాలి. 18 పిక్సెళ్ల అక్షరం, 1.7 వరుస ఎత్తుతో మొదలుపెట్టి ఫోన్ మీద చూసుకోండి. రెండు అంచులూ సమానంగా సర్దే అమరిక తీసేయండి. మన పదాలు పొడవు, ఫోన్ తెర ఇరుకు కావడంతో మధ్యలో పెద్ద పెద్ద సందులు పడతాయి.

కీవర్డు, శీర్షిక, చిరునామా

కీవర్డుకు లెక్కంటూ ఏదీ లేదు. పేజీ కోడ్‌లో పెట్టే కీవర్డ్స్ ట్యాగ్‌ని వెబ్ సెర్చ్ ర్యాంకింగ్‌కి వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఒకే మాటను అసహజంగా పదేపదే కుక్కడం దాని స్పామ్ నియమాల్లో ఉంది. ప్లగిన్‌లోని పచ్చ చుక్క గూగుల్ ఇచ్చేది కాదు. ప్లగిన్ తయారుచేసినవాళ్లు తమకు తోచిన లెక్కలతో పెట్టినది. పైగా తెలుగులో అది తరచూ తప్పుదారి పట్టిస్తుంది. మన నామవాచకాలకు విభక్తులు అతుక్కుంటాయి: చైన్, చైన్‌ని, చైన్‌కి, చైన్‌లో. అచ్చంగా ఒకే అక్షరాల వరుసను వెతికే ప్లగిన్‌కి ఇవన్నీ వేర్వేరు. దాన్ని మెప్పించడానికి మీరు "సైకిల్ చైన్ నూనె వేయడం ఎలా అనేది సైకిల్ చైన్ నూనె వేసేవారికి తెలియాలి" అని రాశారు. చుక్క పచ్చగా మారింది, తెలుగు విరిగింది.

కీవర్డుల వల్ల అసలు ప్రయోజనం వేరు. మీ పాఠకులు ఏ మాటలు వాడుతున్నారో అవి చెబుతాయి. సైటు నడిపేవారికి గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ నివేదిక తెరిచి, ఆ పేజీ ఒక్కదాన్నీ ఎంచుకుని, క్వెరీస్, అంటే జనం వెతికిన మాటలు, చూడండి. మీరు "కందెన" అని రాస్తుంటే వాళ్లు "చైన్ ఆయిల్" అనో, "చైన్ సౌండ్ వస్తోంది" అనో కొడుతుండొచ్చు. వాళ్ల మాట శీర్షికలో ఒకసారి, మొదటి పేరాలో ఒకసారి సహజంగా వస్తే చాలు. వాళ్లు అడుగుతున్నదానికి మీ పేజీలో జవాబే లేదని కూడా ఒక్కోసారి అక్కడే బయటపడుతుంది. అప్పుడు రాయాల్సిన తర్వాతి పోస్టు దొరికినట్టే.

శీర్షికలో ముఖ్యమైన మాట ముందుండాలి. సెర్చ్ ఫలితాల్లో తెర వెడల్పును బట్టి చివరి భాగం తెగిపోతుంది. తెలుగు అక్షరాలు వెడల్పు కాబట్టి మనది ఇంకా తొందరగా తెగుతుంది. "సైకిల్ చైన్‌కి నూనె: పూర్తి వివరాలతో సమగ్ర మార్గదర్శి" అన్నదానిలో రెండో సగం ఖాళీ. "సైకిల్ చైన్‌కి నూనె: రోలర్‌కి ఒక చుక్క, చివర్లో తుడుపు" అంటే ఫలితాల పేజీలోనే కొంత తెలుస్తుంది. పోస్టులో లేనిది శీర్షికలో చెప్పకండి.

పేజీ చిరునామాలో తెలుగు అక్షరాలు పెట్టడం తప్పు కాదు. బ్రౌజర్‌లో చక్కగానే కనిపిస్తాయి. కానీ కాపీ చేసి పంపితే చాలాచోట్ల ఒక్కో తెలుగు యూనికోడ్ అక్షరం, గుణింతపు గుర్తు కూడా, శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలుగా మారుతుంది. "తెలుగు" అన్న మాటలో అలాంటివి ఆరు కాబట్టి 54 అక్షరాలవుతాయి. నాలుగు మాటల శీర్షికైతే మెసేజ్‌లో రెండు మూడు వరుసల గజిబిజి. ఇంగ్లిష్ లిపిలో మూడు నాలుగు చిన్న మాటలు పెట్టండి, సంవత్సరం పెట్టకండి, ఒకసారి ప్రచురించాక మార్చకండి. మార్చక తప్పకపోతే పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 (శాశ్వత) దారిమళ్లింపు పెట్టండి. లేకపోతే అప్పటివరకు ఇతరులు ఇచ్చిన లింకులన్నీ చచ్చిపోతాయి.

లింకు మీద "ఇక్కడ క్లిక్ చేయండి" అని రాయకండి. "చైన్ అరుగుదల కొలిచే పద్ధతి" అని ఆ మాటల మీదే లింకు పెడితే, నొక్కకముందే ఎక్కడికి పోతున్నామో తెలుస్తుంది.

ఏఐతో డ్రాఫ్టు

ఏఐ వాడటం నేరమేమీ కాదు. ఎలా తయారైందన్నదానికన్నా ఎంత పనికొస్తుందన్నదే చూస్తామని గూగుల్ 2023లో చెప్పింది. ర్యాంకుల కోసం కుప్పలుగా పనికిరాని పేజీలు తయారుచేస్తే, మనిషి రాసినా ఏఐ రాసినా, స్పామ్ కిందే లెక్కని 2024 మార్చిలో నియమం తెచ్చింది. నియమాలకంటే నాణ్యత సంగతి చూడాలి. మీరు పనిచేస్తూ నోటుబుక్కులో రాసుకున్న సరుకు ఏఐ దగ్గర లేదు. కాబట్టి దాని డ్రాఫ్టులో మీరిప్పుడు కొట్టేస్తున్న మాటలే మళ్లీ వస్తాయి: తగినంత, సరైన, జాగ్రత్తగా. సంఖ్య అడిగితే ఇస్తుంది, అది తప్పైనా అంతే ధీమాగా ఇస్తుంది. సైకిల్ విషయంలో ఇది ప్రమాదం. హ్యాండిల్ దగ్గరి బోల్టును ఎన్ని న్యూటన్ మీటర్లకు (బిగింపు బలం కొలత) బిగించాలన్నది ఆ భాగాన్ని బట్టి మారుతుంది. కార్బన్ భాగాన్ని ఎక్కువ బిగిస్తే పగులుతుంది, తక్కువ బిగిస్తే తొక్కుతుండగా జారుతుంది. అలాంటి అంకె తయారీదారు మాన్యువల్‌లోనో, ఆ భాగం మీద అచ్చువేసి ఉన్నదానిలోనో చూసి మాత్రమే రాయాలి, ఎక్కడ చూశారో పోస్టులో చెప్పాలి.

ఏఐని డ్రాఫ్టు తర్వాత వాడండి. మీరు రాసింది ఇచ్చి, "ఎప్పుడూ సైకిల్ విప్పని మనిషికి ఇందులో ఏ మెట్టు అర్థం కాదు?" అని అడగండి. అక్షరదోషాలు చూడమనండి. అది సూచించిన మార్పుల్లో మీ సంఖ్యలుగానీ షరతులుగానీ మాయమయ్యాయేమో సరిచూసుకోండి. వాక్యాన్ని నున్నగా చేసే క్రమంలో అది ముందుగా రాల్చేసేవి అవే.

దానికన్నా గట్టి పరీక్ష ఇంకోటుంది. ఈ పని తెలియని ఒకరికి ఫోన్‌లో మీ పోస్టు తెరిచి ఇచ్చి, సైకిల్ ముందు నిలబెట్టండి. మీరు పక్కనే ఉండండి, నోరు మాత్రం విప్పకండి. ఎక్కడ ఆగి పైకి స్క్రోల్ చేశారు, ఏ మాట దగ్గర మీ మొహం చూశారు, ఏ మెట్టు దాటేశారు అన్నది రాసుకోండి. వాళ్లు ఆగిన ప్రతిచోటా తప్పు వాక్యానిదే. అక్కడ సరిచేసి ఇంకొకరికివ్వండి. ఇద్దరు ముగ్గురు చేసేసరికి పెద్ద గుంటలన్నీ పూడుతాయి. ఎవరూ దొరక్కపోతే ఒకరోజు ఆగి, పోస్టును ఫోన్‌లోనే పెట్టుకుని గట్టిగా చదవండి. ఊపిరాడని చోట వాక్యం పొడవైనట్టు, నాలుక తడబడిన చోట పుస్తకభాష దూరినట్టు.

ఉన్న నలభై పోస్టులు

కొత్తవి రాయడం కొన్నాళ్లు ఆపి పాతవాటి మీద కూర్చోండి. ఒక స్ప్రెడ్‌షీట్‌లో నలభై పోస్టులూ వేసి, ఒక్కోదాని పక్కన అది జవాబిచ్చే ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి. వాక్యం కుదరనివి కొన్ని తేలతాయి. వాటిలో సరుకున్న ముక్కలు తీసుకుని వేరే పోస్టుల్లో కలిపేయండి. ఒకే ప్రశ్నకు రెండు మూడు పోస్టులు రాసినవి కూడా తేలతాయి. ఉదాహరణకు మీ బ్లాగులో చైన్ అరుగుదల మీద రెండున్నాయి. ఒకదానిలో మంచి ఫొటోలున్నాయి, ఇంకోదానిలో కొలత ఉంది. రెంటినీ ఒకటి చేసి, తీసేసినదాని చిరునామా నుంచి ఉంచినదానికి 301 పెట్టండి.

ఆ కలిపిన పోస్టులో కొలత ఇలా స్పష్టంగా రావాలి: ఒక పిన్ను మధ్యలో స్కేలు సున్నా పెట్టి అక్కడి నుంచి 24వ పిన్నును చూడండి. కొత్త చైన్‌లో అది సరిగ్గా 12 అంగుళాల దగ్గరుంటుంది. అంగుళంలో పదహారో వంతు దాటి ఉంటే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే వెనక పళ్లచక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి కాబట్టి కొత్త చైన్ వాటి మీద జారే అవకాశం ఎక్కువ. ప్రస్తుతం మీ పోస్టులో "చైన్ సాగినట్టు అనిపిస్తే మార్చండి" అని ఉంది.

పోస్టులో అసలు విషయం మార్చినప్పుడే తేదీ మార్చండి. ఒక కామా సరిచేసి పైన కొత్త తేదీ వేయడం పాఠకుణ్ని మోసగించడమే. పొరపాటు దిద్దినప్పుడు ఏది దిద్దారో, ఎప్పుడు దిద్దారో కింద ఒక వాక్యంలో రాయండి. బయటి లింకులు ఏడాదికోసారి నొక్కి చూడండి. చచ్చినవాటికి ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పాత ప్రతి దొరికితే దానికి లింకివ్వండి.

ఏ పోస్టు ఏ రోజు మార్చారో ఆ స్ప్రెడ్‌షీట్‌లోనే రాసుకోండి. సెర్చ్ కన్సోల్‌లో మార్చిన రోజుకు ముందు 28 రోజులనూ, మార్చిన తర్వాత 28 రోజులనూ పక్కపక్కన పెట్టి చూసే వీలుంది. ఒకేసారి నలభైనీ మార్చేస్తే ఏ మార్పు పనిచేసిందో తెలియదు. ఎక్కువమంది ఇప్పటికే వస్తున్న ఐదు పోస్టులతో మొదలుపెట్టండి. ఫలితం కనిపించడానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. ఈలోగా ఆ పేజీల్లో వచ్చే ప్రశ్నల మీద కన్నేసి ఉంచండి. "నూనె ఎలా వేయాలి?" అని అడగడం మానేసి "డిస్క్ మీద చుక్క పడింది, ఇప్పుడేం చేయాలి?" అని అడగడం మొదలుపెడితే, జనం మీ పోస్టును చదివి పని చేస్తున్నారన్నమాట. ఆ ప్రశ్నకు జవాబు అదే పోస్టులో, ఆ మెట్టు పక్కనే చేర్చండి.